గొర్రెలు ఒరిగిన దిక్కు

ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్పాను. ద్రవాల పీడనం పాఠంలో లారీ బ్రేకు బొమ్మ బోర్డు మీద వేసి, చక్రాలకు రంగు సుద్దతో వన్నెలు దిద్ది, పిల్లల చేత భేష్ అనిపించుకున్నాను. రిటైరయ్యాక ఆ పాఠాన్ని నాకు మళ్లీ చెప్పింది బడి గడప తొక్కని ఒక గొర్రెల కాపరి. ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ దారిన వెళ్లినవాళ్లెవరూ దీన్ని రాయరు. వాళ్లకు ఇది వింత కాదు.

యాత్ర అంటే మా తోటి మాస్టర్లకు కాశీ, రామేశ్వరం. నేను పోయింది మేళ్లచెరువు నుంచి అచ్చంపేటకు, అదీ గొర్రెల లారీలో. విన్నవాళ్లు నవ్వారు. నవ్వనీ.

మా అక్క భర్త నర్సింహ బావకు ఒక పాత చిన్న లారీ ఉంది. దాని వయసెంత అని అడిగితే తన పెద్దకూతురి వయసు చెబుతాడు, ఇద్దరూ ఒకే ఏడాది ఇంటికొచ్చారట. ఇరవై ఏళ్లుగా అతను గొర్రెలను తప్ప వేరే సరుకు ఎక్కించడు. ఎండాకాలం పాలమూరు దిక్కు గడ్డి మాడిపోతే, అక్కడి కాపరులు మందలను కృష్ణ కాలువల కింది పొలాలకు తీసుకొస్తారు. కోతలైన మడుల్లో మేపుకుంటారు. వానలు మొదలై నారుమళ్లు పోసేవేళకు అక్కడ గొర్రె కాలు పెట్టే జాగా ఉండదు, బురదలో గిట్టలు చెడిపోతాయి. అప్పుడు మళ్లీ ఊరికి తిరుగుముఖం. వెనకటి రోజుల్లో పది పన్నెండు రోజులు నడిచేవారట, ఇప్పుడు లారీ మాట్లాడుకుంటున్నారు. "ఒక్కపారి వచ్చి చూడు బామ్మర్ది, సదువు సెప్పుడేనా, లోకం సూసుడు లేదా?" అని బావ ఏటా దెప్పేవాడు. ఈసారి వెళ్లాను.

మేళ్లచెరువు

సాయంత్రం చేరేసరికి ఊరిమీద ఎవరో పిండి జల్లించినట్టు ఉంది. సున్నపురాయి నేల, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. తుమ్మచెట్లు తెల్లగా, కరెంటు తీగలు తెల్లగా, ఆరేసిన బట్టలు సైతం తెల్లగా ఉన్నాయి. వాన పడి నాలుగు రోజులైందట, మళ్లీ పడితేగాని ఆకుల రంగు తెలియదు. హోటలాయన చాయ్ గ్లాసు మీద సాసరు బోర్లించి ఇచ్చాడు.

"మూతకు పైసలు లేవు సార్, గది మా ఊరి రివాజు" అన్నాడు.

చాయ్ పది రూపాయలు. మా నల్లగొండలోనూ పదే, కానీ మూత ఎవరిస్తారు? ఈగలను మనమే తోలుకోవాలి.

తెల్లవారుజామున మంద దగ్గరికి వెళ్లాం. డెబ్బై రెండు గొర్రెలు, పదకొండు పిల్లలు, వాటికి ముందు నడిచే ఒక మేక. మందకు యజమానురాలు జంగమ్మ. యాభై దాటి ఉంటాయి. కాళ్లకు వెండి కడియాలు, భుజాన గొంగడి, చేతిలో తనకంటే పొడుగు కర్ర. ఆమె భర్త చంద్రయ్య గిన్నెలు, పక్కబట్టలు మూటగట్టుకుని ముందురోజే బస్సులో ఊరికి వెళ్లాడు, అక్కడ వానకు కూలిన గొర్రెల దొడ్డిని బాగుచేయాలట. వాళ్లకు పొలం లేదు. ఉన్నదంతా ఈ మందే. ఆ మాట జంగమ్మ దిగులుగా చెప్పలేదు, మీకు ఎన్ని ఎకరాలున్నాయంటే ఎవరైనా చెప్పినట్టు చెప్పింది.

లారీకి చెక్క పలక ఆనించి మేకను ఎక్కించింది. అది ఎక్కగానే గొర్రెలన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టినట్టు నడిచాయి. నేను నోరు తెరిచి చూస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది.

"మేక ఎక్కితె గొర్రె ఎక్కుతది సారూ. సదువుకున్నోళ్ల లెక్కనే, ముందటోన్ని సూసి."

బావ పగలబడి నవ్వాడు. పిల్లలను తలుపు దగ్గర వెనక భాగంలో వల అడ్డం కట్టి ఉంచి, తానూ అక్కడే నిలబడింది జంగమ్మ. క్యాబిన్‌లో కూర్చోమన్నాను.

"గొర్లు ఎనక ఉంటె నేను ముందట కూసుంటనా? ఇంకేమన్న ఉందా!" అంది.

హైవే మీద

కోదాడ దాటి హైవే ఎక్కాం. దగ్గరి దారులున్నా బావ అటు పోడు, గుంతలకు గొర్రెల కాళ్లు విరుగుతాయని. అతను బ్రేకు వేయడం చూసి తీరాలి. ముందున్న బస్సు ఆగుతుందేమో అన్న అనుమానం రాగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. గేరు తగ్గిస్తాడు. బండి తనంతట తాను అలసిపోయాక, చివరలో మాత్రం పెడల్ మీద పాదం ఆనిస్తాడు. ఆగిందని మనకు కిటికీలోంచి చూస్తేగాని తెలియదు.

"గట్టిగ తొక్కితె గొర్లు ముందుకొచ్చి పడ్తయి బామ్మర్ది. ఒకదాని మీద ఒకటి. కిందపడ్డది ఊపిరాడక పోతది. ఇరవై ఏండ్లసంది తోల్తున్న, నా బండ్ల ఒక్క గొర్రె సావలే" అన్నాడు.

ఇది డబ్బా కాదు. కోదాడ నుంచి అచ్చంపేట దాకా కాపరులు అతణ్ని మెత్తకాలు నర్సింహ అంటారు. వేరే లారీ ఖాళీగా ఉన్నా రెండు రోజులు ఆగి ఇతణ్నే పిలుస్తారు. ఆ పేరే అతని ఇల్లు నడుపుతోంది. నేనెన్నడూ ఒక పనిని ఇంత శ్రద్ధగా చేశానా అని అనుకుంటూ కూర్చున్నాను.

టోల్ గేటు ఇంకా దూరాన ఉండగానే అతను పెడల్‌ను రెండు మూడుసార్లు చిన్నగా తొక్కాడు. ఎందుకు బావా అంటే, "ముసల్ది గద, రెండు పార్లు పిలిస్తెగని పలుకది" అన్నాడు. నవ్వుకున్నాం. తర్వాత రొట్టెల కోసం ఆగిన చోట సీటు కింది నుంచి సీసా తీసి బ్రేక్ ఆయిల్ పోశాడు. "వారానికొకపారి జర పొయ్యాలె. ఇది తాగుతది." దానికీ నవ్వాను. మూసి ఉన్న గొట్టంలోని ద్రవం తగ్గదని, తగ్గిందంటే ఎక్కడికో పోతోందని ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పి ఉంటాను! ఆ సమయంలో నా ధ్యాసంతా జొన్నరొట్టె మీద ఉంది. రొట్టె పదిహేను రూపాయలు, పుంటికూర, అదే గోంగూర, ఎంత తిన్నా లెక్కలేదు. రోడ్డు పక్కన రాతి పొయ్యి మీద ఒకామె చేత్తోనే రొట్టెను తిప్పుతోంది. వేలు కాలదా అని అడిగితే, "కాలేటప్పుడు కాలింది సారు, ఇప్పుడు కాలదు" అంది. ఈ దారిలో మనుషులందరూ ఇలాగే మాట్లాడతారేమో అనిపించింది.

కట్టంగూర్: మందను దింపిన చేను

మధ్యాహ్నానికి కట్టంగూర్. రాత్రి ఇక్కడే మకాం అని ముందే మాట. ఒక రైతు తన దుక్కిలో మందను పెట్టించుకుంటున్నాడు. గొర్రెలు ఒక రాత్రి పడుకున్న చేనుకు ఆ ఏడు ఎరువు అక్కర్లేదట. బదులుగా జంగమ్మకు బియ్యం, మాకు భోజనం. మా ఊళ్లో ఎవరి పశువైనా చేలో అడుగుపెడితే పంచాయితీ అవుతుంది, ఇక్కడ పిలిచి పీట వేస్తున్నారు. రైతు భార్య గొర్రెలకు తొట్టి నింపి, మాకు మజ్జిగ తెచ్చింది.

గొర్రెలు నీళ్లు తాగాక జంగమ్మ వచ్చి బావ ముందు నిలబడింది.

"అన్నా, రేపు గీ బండ్ల నా గొర్లను ఎక్కియ్య."

బావ చేతిలో మజ్జిగ చెంబు అలాగే ఉండిపోయింది. "ఏమైంది చెల్లె? ఒక్కటన్న కింద పడ్డదా?"

"పడలే. గందుకే అంటున్న."

మాకు అర్థం కాలేదు. ఆమె కర్రను నేల మీద పెట్టి నిదానంగా చెప్పింది.

"పోయిన ఏడు వచ్చినప్పుడు నువ్వు ఆపితె గొర్లన్ని ఒక్క అడుగు ముందుకేసి నిలవడేవి. అన్ని ఒక్కతీర్గ. గిప్పుడు ముందుకు వస్తలేవు. ఎడమ దిక్కు ఒరుగుతున్నయి. టోల్ కాడ సూసిన, రొట్టెల కాడ సూసిన, గీడ దిగెటప్పుడు సూసిన. మూడు పార్లు ఎడమకే ఒరిగినయి. తిన్నగ ఆపెటిదేదో నీ బండ్ల లేదు."

"నా కాలు మెత్తగుంటది చెల్లె, గందుకే ముందుకు రాలే."

"నీ కాలు పోయినేడు గూడ మెత్తగనే ఉండె గదా అన్నా?"

బావ ముఖం నల్లబడింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి మాట అతనికి ఎవరూ అనలేదు. "ఇగ నా బండి మీద నమ్మకం లేదంటె వేరే బండి సూసుకో" అనేశాడు. జంగమ్మ కదల్లేదు. "నమ్మకం నీ మీద ఉంది. బండి మీద లేదు. డిండి కాడ వాలు ఉంటది. నా కొంపంత గీ బండ్లనే ఉంటది" అంది.

నేనప్పుడు మధ్యలో పడ్డాను. మాస్టరు బుద్ధి, ఊరుకోలేదు. పుల్ల తీసుకుని నేల మీద లారీ బొమ్మ గీశాను. గొర్రెలు ఎడమకు ఒరిగాయంటే బండి కుడికి లాగింది. బ్రేకు వేసినప్పుడు బండి కుడికి లాగిందంటే కుడి చక్రం పట్టుకుంటోంది, ఎడమ చక్రం పట్టుకోవడం లేదు. గీసి, నేనే ఆ గీతలను చూస్తూ ఉండిపోయాను. ఈ లెక్క చేయడానికి నాకు బొమ్మ కావలసి వచ్చింది. ఆమె వెనక నిలబడి రెండు వందల ఎనభై ఎనిమిది కాళ్లను చూస్తూ వచ్చింది, అంతే.

"మరి స్టీరింగు నాకు గుంజాలె గదా?" అన్నాడు బావ, ఈసారి కోపం తగ్గించుకుని.

రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది, రెండు లాగుడ్లూ సరిపోయి ఉంటాయని చెప్పాను. మిగిలింది అతని చేతులు ఎన్ని నెలల నుంచో సర్దుకుంటూ వచ్చి ఉంటాయి. బావ నేల మీది బొమ్మలో ఎడమ చక్రాన్ని వేలితో తాకి చూశాడు. తర్వాత తాళాలు తీసుకుని లేచాడు.

కట్టంగూర్: లతీఫ్ భాయి షెడ్డు

హైవే పక్కన రేకుల షెడ్డు. మెకానిక్ లతీఫ్ భాయికి నలభై ఉంటాయేమో. పొద్దుటినుంచి ఆరు బండ్లు చేసి ఏడోదాన్ని చూసి మొహం చిట్లించాడు. "ఆయిల్ పోసుకొని పో అన్నా, పాత బండికి గింతకన్న ఏం బిరేకు వస్తది?" అన్నాడు ముందు. పోస్తూనే ఉన్నానని బావ అనగానే మాత్రం చేతిలోని పానా కింద పెట్టాడు.

"పోస్తున్నవా? ఎన్ని దినాలసంది?"

"ఉగాది నుంచి."

"మరి యాడికి పోతాంది గది? అడిగినవా ఎన్నడన్న?"

బావ నావైపు చూశాడు. నేను రేకులవైపు చూశాను.

ఇంజన్ ఆపి పెడల్‌ను గబగబా తొక్కమన్నాడు లతీఫ్. నాలుగోసారికి పెడల్ పైకొచ్చి గట్టిపడింది. "ఇగ వదలకు, పట్టు." బావ పాదం ఆనించి పట్టుకున్నాడు. పెడల్ నెమ్మదిగా, మనిషి కుర్చీలో జారినట్టు, కిందికి దిగింది. ఆయిల్ ఎక్కడో బయటికి పోతోందని, పోయిన చోటుకు గాలి వస్తోందని చెప్పాడు లతీఫ్. గాలి ఉంటే పెడల్ మెత్తగా ఉంటుంది, తొక్కిన బలమంతా గాలిని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. సరిగ్గా నా బోర్డు మీది పాఠమే. బండి కింద చుక్క కనబడలేదు. "నాలుగు చక్రాలు ఇప్పాలె. ఎనకటి నుంచి షురూ చేస్త. రేపు పొద్దుగూకుతది."

అప్పుడు జంగమ్మ చెప్పిన మాట చెప్పాను. అతను నవ్వలేదు, అదే నాకు ఆశ్చర్యం. బావను హైవే పక్క దారిలో కొంత దూరం పోయి పదిసార్లు బ్రేకు వేసి రమ్మన్నాడు. రాగానే నీళ్ల మగ్గులో వేళ్లు ముంచి, ముందరి కుడి చక్రం బ్రేకు డ్రమ్ము మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. బ్రేకు రాపిడికి కాలి ఉన్న డ్రమ్ము మీంచి చుయ్‌మని ఆవిరి లేచింది. ఎడమ చక్రానికి వచ్చి అలాగే చిలకరించాడు. చుక్కలు డ్రమ్ము మీద నిలబడి, దుమ్మును కలుపుకుని, తాపీగా కిందికి జారాయి. ఆ చక్రం పదిసార్లలో ఒక్కసారి కూడా పని చేయలేదన్నమాట.

టార్చి పట్టుకుని కిందికి దూరాడు. నేనూ దూరాను, తెల్లచొక్కాతో. మూడు చక్రాల లోపలివైపు మేళ్లచెరువు దుమ్ము పొడిగా, తెల్లగా పేరుకుని ఉంది. ముందరి ఎడమ చక్రానికి మాత్రం అదే దుమ్ము నల్లటి ముద్దై అంటుకుపోయింది. ఆయిల్ చుక్కగా కింద పడకుండా ఆ సిమెంటు దుమ్మే పీల్చుకుంటూ వచ్చింది.

డ్రమ్ము ఊడదీస్తే లోపల చిన్న సిలిండర్‌లోని రబ్బరు కప్పు చినిగి ఉంది. డ్రమ్మును పట్టి ఆపాల్సిన లైనర్లు ఆయిల్లో నాని నిగనిగలాడుతున్నాయి. లతీఫ్ ఆ రబ్బరును వేలికి తొడుక్కుని బావకు చూపించాడు. వేలిగోరంత చినుగు.

"గీ మాట చెప్పినామె మెకానిక్కా?" అని అడిగాడు.

"గొర్ల కాపరి."

"బండి పైనుంచి చెప్పిందా? చక్రం సూడకుంట?" మరోసారి అడిగాడు. ఔనంటే వేలికున్న రబ్బరును మళ్లీ చూసుకున్నాడు. "నేను పద్దెనిమిదేండ్ల నుంచి గీ పని చేస్తున్న సార్" అన్నాడు చివరకు, నాకు కాదు, తనకే చెప్పుకున్నట్టు.

బావ పాత టైరు మీద కూర్చున్నాడు. ఆ మనిషిని అలా చూడటం అదే మొదలు. "ఉగాదిసంది ఎన్ని మందలు తోలిన బామ్మర్ది! అందరు నీ కాలు మెత్తనని మెచ్చుకుంటె, కాలే అనుకున్న. బిరేకు సచ్చిందని తెల్వలే" అన్నాడు. అతని మంచితనమే ఆ జబ్బును దాచిపెట్టింది. కరుకుగా నడిపేవాడికి మొదటి వారంలోనే తెలిసిపోయేది. ఇతను ఎన్నడూ బ్రేకును గట్టిగా అడగలేదు గనక, అది లేదని చెప్పలేదు.

రెండు ముందరి చక్రాలకూ జోడీగా కొత్త రబ్బర్లు, లైనర్లు వేశాక గాలి తీయాలి. చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌కు సన్నటి గొట్టం తగిలించి, దాని కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచాడు లతీఫ్. పెడల్ మీదికి నన్ను ఎక్కించాడు.

"సార్, తొక్కు. పట్టు. నేను చెప్పెదాక ఇడువొద్దు."

తొక్కాను. సీసాలో బుడగలు గలగలా లేచాయి. నా కాలు చివరిదాకా దిగిపోయింది. మళ్లీ, మళ్లీ. ఒక్కో చక్రానికీ అదే తంతు. బుడగలు తగ్గుతున్నకొద్దీ పెడల్ నా పాదాన్ని ఎదిరించడం మొదలుపెట్టింది. ఆఖరుకు బుడగ రాలేదు. పెడల్ సగంలోనే రాయిలా నిలబడింది. నేను దాని మీద కాలు పెట్టి అలాగే కూర్చున్నాను. అన్నేళ్లు నోటితో చెప్పిన మాట మొదటిసారి అరికాలికి తగిలింది. కళ్లు చెమర్చాయంటే నవ్వుకోండి, నాకేం.

కట్టంగూర్: ఖాళీ లారీ

మర్నాడు పొద్దున దుక్కి పక్క బాటలో బావ బండిని పరీక్షించాడు. అలవాటుగా పాదం ఆనించాడో లేదో, లారీ గుర్రంలా ఆగి, నా నుదురు అద్దానికి కొట్టుకుంది. ఇప్పుడు బ్రేకు బాగుంది, కాలే బాగాలేదు. కొన్ని నెలలుగా ఆ పాదం నేర్చుకున్నదంతా చచ్చిన బ్రేకుతో నేర్చుకున్నదే.

జంగమ్మ చేను గట్టు మీద నిలబడి చూస్తోంది. గొంగడి తీసి పక్కన పెట్టింది. ఖాళీ లారీ ఎక్కి, సరిగ్గా నడుమ నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"తోలు అన్నా. నేను పడకుంటె గొర్లు పడయి."

"వద్దు చెల్లె, దెబ్బ తాకుతది."

"తాకితె నోరుంది, చెప్త. గొర్రెకు లేదు."

మొదటిసారి ఆమె విసురుగా పోయి క్యాబిన్ గోడకు కొట్టుకుంది, మోచేయి గీరుకుపోయింది. లేచి మళ్లీ నడుమకే వచ్చింది. రెండోసారి మూడడుగులు. మూడోసారి ఎందుకో ఇంకా ఎక్కువ. ప్రతిసారీ గట్టిగా అరిచి చెప్పేది, "ముందుగాల మెల్లగ పట్టు, ఆఖరుకు ఇడువు!" బావ చెమటలు కక్కుతున్నాడు. ఆరేడుసార్లయ్యాక ఆమె కళ్లు కూడా మూసుకుంది, గొర్రెకు ముందు రోడ్డు కనబడదు గదా అని. పద్నాలుగోసారి లారీ ఆగింది. ఆమె ఒక్క అడుగు ముందుకేసింది. ఒక్కటే, తిన్నగా.

"ఇగ ఎక్కిద్దం" అంది కళ్లు తెరిచి.

నేను ఎన్నో ట్రైనింగులకు వెళ్లాను. నేర్పడం అంటే ఏమిటో అక్కడెవరూ నాకు చూపించలేదు. ఆ చేను గట్టు మీద చూశాను. చప్పట్లు కొట్టాలనిపించి, ఏమనుకుంటారోనని మానుకున్నాను. కొట్టి ఉండాల్సింది.

డిండి వాలు

నల్లగొండ మీదుగా దేవరకొండ దాటేసరికి సన్నగా వాన. ఎర్రనేలలు, గుండ్రాళ్ల గుట్టలు, పత్తి విత్తుతున్న మనుషులు. డిండి ముందర చేపల వేపుడు బండి దగ్గర ఆగాం. ప్లేటు ఎనభై, ఉల్లిగడ్డ నిమ్మకాయ ఎంతైనా. జంగమ్మ తినలేదు, మందను వదిలి దిగనంది. ఆకులో చుట్టి ఇస్తే పైనే తిన్నది. అప్పటికి బావ హుషారయ్యాడు, పొద్దుటినుంచి ఒక్క గొర్రె ఒరగలేదని జంగమ్మ చెప్పినందుకు.

తర్వాత వాలు మొదలైంది. తడిసిన రోడ్డు, దూరంగా చెరువు నీళ్లు. నేను ఆ నీళ్లను చూస్తున్నాను. ఎడమవైపు చేను బాటలోంచి ఒక మోపెడ్ నేరుగా రోడ్డు మీదికి వచ్చేసింది. మొగుడు నడుపుతున్నాడు, పెళ్లాం వెనక పచ్చగడ్డి మోపు పట్టుకుని కూర్చుంది. ఆ మోపు అడ్డంగా ఉండి వాళ్లకు మేం కనబడలేదు.

బావ తొక్కాడు. మెత్తగా కాదు. సీటులోంచి లేచి, ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. లారీ అటూ ఇటూ పోకుండా గీత గీసినట్టు తిన్నగా ఆగింది. గడ్డిమోపుకూ మా బంపర్‌కూ మధ్య రెండు బారల ఎడం ఉంది.

ఆ వెంటనే వెనకనుంచి గొర్రెల అరుపులు, జంగమ్మ కేకలు. మేం పరుగెత్తేసరికి ఆమె గొర్రెలను ఒక్కొక్కదాన్ని లాగి లేపుతోంది. అన్నీ లేచాయి. ఒక్క పిల్ల లేవలేదు. తల్లికోసం వల సందులోంచి ముందుకు దూరి పోయిందట, అన్నిటికిందా పడింది. నెలన్నర పిల్ల. జంగమ్మ దాని నోట్లో ఊదింది, పొట్ట నిమిరింది. తర్వాత చేతుల్లోకి తీసుకుని ఊరుకుంది.

బావ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నా బండ్ల..." అని ఆగిపోయాడు. అరవై దాటిన మనిషి వానలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మోపెడ్ దంపతులు దగ్గరికొచ్చారు. ఆ పెళ్లాం చచ్చిన గొర్రెపిల్లను చూసి, "మా వల్లనే అక్కా, మా వల్లనే" అని చేతులు జోడించింది.

జంగమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఎంతమంది పిల్లలమ్మా నీకు?"

"ముగ్గురక్కా."

జంగమ్మ బావవైపు తిరిగింది. "ఇన్నవా అన్నా?" అంది. అంతే అంది.

నిన్నటి బ్రేకుతో నిన్నటి బండి అయితే గొర్రెపిల్ల బతికేది. ఆ ముగ్గురు పిల్లల గతి ఏమయ్యేదో మాత్రం ఆలోచించలేకపోయాను. జంగమ్మ పిల్లను గోనెసంచిలో చుట్టి తన కాళ్ల దగ్గర పెట్టుకుంది. తల్లి గొర్రెకు వాసన చూపించాలట, లేకుంటే అది రోజుల తరబడి మందంతా వెతుకుతూనే ఉంటుందట. ఆ సంగతి తెలిసిన వాళ్లున్న లోకంలో ఇన్నాళ్లూ ఉండి నేనేం చూసినట్టు?

అచ్చంపేట దాటాక

నల్లమల అంచున వాళ్ల ఊరు. వాన వెలిసి, అడవి నుంచి తడి ఆకుల వాసన వస్తోంది. ఇది చూడటానికే బయలుదేరాను నిజానికి. చూశాను, బాగుంది. కానీ నా కళ్లు బావ మీదే ఉన్నాయి. ఈ కబురు పొద్దున్నకల్లా నాలుగు ఊళ్ల దొడ్లకు పాకుతుందని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

చంద్రయ్య కొత్త ముళ్లకంప వేసిన దొడ్డి దగ్గర ఎదురుచూస్తున్నాడు. సన్నగా, నెరిసిన మీసాలతో, జంగమ్మ కంటే పొట్టిగా ఉన్నాడు. పలక వేశారు, మేక దిగింది, దాని వెనక మంద దిగింది. గోనెసంచి జంగమ్మ చంకలో ఉంది. ఇలా దిగినప్పుడు కాపరి లారీ తోలినవాణ్ని ఒకే మాట అడగడం ఆ దిక్కు ఆనవాయితీ.

"మంద పూర్తిగ దిగిందా నర్సింహ?"

ఇరవై ఏళ్లుగా బావ చెప్పే జవాబు కూడా ఒకటే, "పూర్తిగ." జంగమ్మ నోరు తెరిచింది. తనే చెప్పి అతణ్ని గట్టెక్కిద్దామనుకుందేమో. బావ చెయ్యెత్తి ఆపాడు.

"లేదు. ఒక పిల్ల పోయింది. నేను గట్టిగ తొక్కిన. నా కాలి కిందనే పోయింది."

చంద్రయ్య భార్యవైపు చూశాడు. జంగమ్మ మొత్తం చెప్పింది, కట్టంగూర్ నుంచి డిండి దాకా, ఎడమకు ఒరిగిన గొర్రెలు, గడ్డిమోపు, ముగ్గురు పిల్లలు. ఆయన సంచి అందుకుని, తల్లి గొర్రెను వెతికి, దాని ముందు పిల్లను పెట్టాడు. గొర్రె మూతితో రెండుసార్లు నెట్టింది. నాకింది. కొంతసేపు అరిచింది. తర్వాత తానే తల తిప్పుకుని మందలోకి నడిచింది. మేం అందరం అంతసేపూ అక్కడే నిలబడ్డాం.

చంద్రయ్య వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"మల్ల ఎండకాలం గూడ నువ్వే రావాలె నర్సింహ" అన్నాడు. "నా గొర్ల కోసమే గాదు. గీమె గూడ ఎనక నిలవడి వస్తది గద."